కుక్కకు ఇంట్లో మాంసాహారం వండి పెట్టడం ఎలా?

కుక్కకు మాంసం పెట్టడం తేలికే. ఆ మాంసాన్ని పూర్తి భోజనంగా మార్చడంలోనే ఉంది చిక్కంతా. రోజూ ఉడికించిన చికెన్, అన్నం కలిపి పెడితే కుక్క గిన్నె నాకి మరీ తింటుంది. నెలల తరబడి అదే పెడితే మాత్రం ఎముకలు పలచబడిపోతాయి. ఎముక తీసేసిన మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం అందులో పదోవంతు కూడా ఉండదు. కుక్కకు ఈ రెండూ కనీసం సమానంగా అందాలి, కాల్షియమే కాస్త ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. తిండిలో దొరకని కాల్షియాన్ని శరీరం ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, పళ్లు కదులుతాయి, చిన్న గెంతుకే కాలు విరుగుతుంది.

లోటు కాల్షియంతోనే ఆగదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పరిశోధకులు 2013లో పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే 200 కుక్కల ఇంటి వంటకాలను లెక్కకట్టి చూస్తే, 95 శాతం వాటిలో అవసరమైన పోషకం కనీసం ఒకటైనా తక్కువైంది. కింద ఇచ్చిన కొలతలను కూడా సొంతంగా మార్చేసుకోకండి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ పద్ధతి ఆరోగ్యంగా ఉన్న, ఎదుగుదల పూర్తయిన కుక్కలకే. ఎదిగే కుక్కపిల్లలకు, ముఖ్యంగా పెద్ద జాతి పిల్లలకు, కాల్షియం తక్కువైనా ఎక్కువైనా ఎముకలు వంకర పోతాయి. కడుపుతో ఉన్నవి, పాలిచ్చేవి, కిడ్నీ జబ్బు లేదా పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) ఉన్నవి అయితే పశువైద్యుడితో మాట్లాడి వేరే లెక్క వేయించుకోవాలి.

1. ఎన్ని కేలరీలు కావాలో లెక్క వేయండి

కుక్క బరువును (కిలోల్లో) 30తో గుణించి 70 కలపండి. అది విశ్రాంతిగా ఉన్నప్పటి అవసరం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకు దాన్ని 1.6తో, కాని కుక్కకు 1.8తో గుణించండి. ఆపరేషన్ అయిన 10 కిలోల కుక్కకు 370 × 1.6, అంటే దాదాపు 590 కేలరీలు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. ఒకే బరువున్న రెండు కుక్కల అవసరాల్లోనూ చాలా తేడా ఉంటుంది.

2. సరుకులు తూచండి

10 కిలోల కుక్కకు 5 రోజులకు సరిపడా కొలతలివి. రోజుకు సుమారు 600 కేలరీలు వస్తాయి. మీ కుక్కకు వేరే లెక్క వస్తే అన్నిటినీ అదే పాళ్లలో పెంచండి లేదా తగ్గించండి.

- ఎముక, తోలు తీసిన కోడి తొడ మాంసం: 1,250 గ్రాములు (పచ్చిగా తూచినది)
- కోడి కార్జం: 100 గ్రాములు
- మెత్తగా వండిన అన్నం: 850 గ్రాములు
- గుమ్మడి, క్యారెట్, బీన్స్ కలిపి: 300 గ్రాములు
- పొద్దుతిరుగుడు నూనె: 5 చిన్న చెంచాలు
- గుడ్డు పెంకుల పొడి: 10 గ్రాములు
- ఇంటి వంట తినే కుక్కల కోసమే తయారుచేసిన విటమిన్–ఖనిజాల పొడి: డబ్బా మీద రాసిన మోతాదు

మాంసాన్ని పచ్చిగా తూచమనడానికి కారణముంది. ఉడికితే నీరు పోయి నాలుగో వంతు పైగా బరువు తగ్గుతుంది. ఉడికాక తూచి అదే 1,250 గ్రాములు వేస్తే మోతాదు పెరిగిపోతుంది, మిగతా లెక్కంతా చెడుతుంది.

కార్జం మంచిదని గుప్పెడు ఎక్కువ వేయకండి. అందులో విటమిన్ ఎ నిల్వ ఉంటుంది, రోజూ అతిగా తింటే అది ఒంట్లో పేరుకుని కీళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది. పూర్తిగా మానేయడమూ తప్పే, విటమిన్ ఎ ఈ వంటలో ఎక్కువగా దాని నుంచే వస్తుంది.

చివర చెప్పిన పొడిని చాలామంది వదిలేస్తారు. జింక్, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ ఈ సరుకుల నుంచి చాలినంత రావు. మనుషుల మల్టీవిటమిన్ దానికి బదులు కాదు: మోతాదులు వేరు, కొన్నిటిలో కుక్కకు విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. మీరు కొన్న పొడిలోనే కాల్షియం కూడా ఉంటే ఆ మేరకు పెంకుల పొడి తగ్గించండి.

3. పెంకుల పొడి తయారుచేయండి

పెంకులు కడిగి, 10 నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉంటే మిక్సీలో ముద్ద కడుతుంది. పౌడర్ అంత మెత్తగా కొట్టి జల్లించండి. గరుకు ముక్కలు సరిగా ఒంటబట్టవు. మూత తీసే ముందు దుమ్ము అణగనివ్వండి. ఒక గ్రాము పొడిలో సుమారు 380 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చెంచాతో కొలవడం కంటే గ్రాముల తూకమే నయం, ఎందుకంటే పొడి మెత్తదనాన్ని బట్టి చెంచాలో పట్టే బరువు మారుతుంది.

4. వండండి

మాంసాన్ని కైమాగా గానీ చిన్న ముక్కలుగా గానీ కోసి, అర లీటరు నీళ్లలో కూరగాయలతో కలిపి మధ్య మంట మీద 20 నిమిషాలు ఉడికించండి. కార్జం చివరి 10 నిమిషాల్లో వేయండి. లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితే మాంసం సురక్షితం. ఉడికిన నీళ్లు పారబోయకండి, బి విటమిన్లు అందులోకే దిగుతాయి. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ పడకూడదు. ఉల్లి పొడి కలిసిన రెడీమేడ్ సూప్ కూడా కుక్క రక్తకణాలను పగలగొడుతుంది.

అన్నం కలిపి, గోరువెచ్చగా చల్లారాక నూనె, రెండు పొడులు వేసి బాగా పిసకండి. ముక్కలు పెద్దగా ఉంటే కుక్క మాంసం ఏరుకుని తిని మిగతాది వదిలేస్తుంది, ఇంత లెక్క వేసిందీ దండగే.

గిన్నె మొత్తం తూచి ఐదు సమాన భాగాలు చేయండి. ఒక్కో భాగం ఒక రోజుకు, రెండు పూటలుగా. మూడు రోజులది ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో పెట్టి, ముందు రోజు ఫ్రిజ్‌లోకి దించుకోండి.

5. మెల్లగా మార్చండి

మొదటి మూడు రోజులు పాత తిండి ముప్పావు, కొత్తది పావు. తర్వాతి మూడు రోజులు సగం సగం. ఆపై మూడు రోజులు ముప్పావు కొత్తది. పదో రోజుకు పూర్తిగా కొత్తదే. విరేచనాలు పలచబడితే వెనకటి పాళ్లకు వెళ్లి రెండు రోజులు ఆగండి. మధ్యలో పెట్టే చిరుతిళ్లు రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు.

పచ్చి మాంసం పెట్టాలనుకుంటే

వండిన దానికంటే పచ్చిది మేలనడానికి గట్టి ఆధారం లేదు, ప్రమాదం మాత్రం ఉంది. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2012 నుంచీ దీన్ని వద్దనే చెబుతోంది. సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉన్న మాంసం తిన్న కుక్క పైకి బాగానే ఉండి, మలం ద్వారా ఇంట్లోవాళ్లకు అంటించగలదు. గడ్డకట్టించడం కొన్ని పరాన్నజీవులను చంపుతుంది గానీ బ్యాక్టీరియాను చంపదు. గొర్రె, మేక కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు ఉండవచ్చు. వాటిని పచ్చిగా తింటే బద్దెపురుగు కుక్క పేగుల్లో చేరుతుంది, దాని గుడ్లు మనుషుల్లోనూ అలాంటి తిత్తులు కట్టే హైడాటిడ్ జబ్బు తెస్తాయి. పచ్చి పంది మాంసం ఏనాడూ వద్దు, పందుల్లో ఉండే ఆజెస్కీ వైరస్ సోకితే కుక్క బతకదు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉంటే ఈ ఆలోచనే మానుకోండి.

అయినా పెట్టేవాళ్లు సాధారణంగా పాటించే పాళ్లు: కండ 80 శాతం, తినగలిగే ఎముక 10, కార్జం 5, కిడ్నీ లాంటి వేరే అవయవం 5. రోజు మోతాదు కుక్క బరువులో 2 నుంచి 3 శాతం. ఇక్కడ జరిగే పొరపాటు రెక్కను మొత్తం ఎముకగా లెక్కేయడం. కోడి రెక్క బరువులో ఎముక సగం లోపే, కాబట్టి 25 గ్రాముల ఎముక కావాలంటే 55 గ్రాముల రెక్క వేయాలి. ఖనిజాల పొడి దీనికీ తప్పదు. పెద్ద పశువుల కాలి ఎముకలు పళ్లు విరగ్గొడతాయి. ఉడికిన ఎముక అయితే చీలి, పేగులో గుచ్చుకుంటుంది.

6. ఫలితం గమనించండి

రెండు వారాలకోసారి తూచండి. పక్కటెముకలు కంటికి ఆనకుండా, వేలితో తడిమితే తగలాలి. తేడా ఉంటే వంట పాళ్లు కదపకుండా మొత్తం మోతాదును పది శాతం పెంచండి లేదా తగ్గించండి. పచ్చి మాంసం పద్ధతిలో మలం తెల్లగా, సుద్దలా గట్టిపడితే ఎముక ఎక్కువైనట్టు. నల్లగా జారుగా ఉంటే కార్జం తగ్గించి చూడండి, అయినా నలుపు పోకపోతే అది పేగుల్లో రక్తస్రావం కావచ్చు, ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.

ఆరు నెలలకోసారి పశువైద్యుడికి చూపించేటప్పుడు వంట కొలతల కాగితం కూడా తీసుకెళ్లండి. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా ఉందని తిండి సరిగ్గా ఉన్నట్టు కాదు. రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల నుంచి తెచ్చి నింపుతుంటుంది కాబట్టి, లోటు ముదిరేదాకా రిపోర్టులో ఏమీ కనపడదు.