పంచె, పరికిణీ, పైటచెంగు: టూడీ పాత్రల వదులు దుస్తుల రిగ్గింగ్‌లో సమస్యలు – పరిష్కారాలు

చొక్కా, ప్యాంటు వేసుకున్న టూడీ పాత్రను రిగ్ చేయడం (బొమ్మకు ఎముకల్లాంటి బోన్లు అమర్చి కదిలేలా చేయడం) నేర్చుకున్నవారికి, అదే పద్ధతిలో పంచెకట్టునో పరికిణీనో కదిలించబోయినప్పుడు దాదాపు అందరికీ ఒకే రకమైన ఇబ్బందులు ఎదురవుతాయి. బిగుతైన బట్ట ఒంటితో పాటే కదులుతుంది కనుక చొక్కా చేతిని చేతి బోన్‌కు కట్టేస్తే సరిపోతుంది. వదులు బట్ట మాత్రం ఒకటి రెండు చోట్ల ఒంటిని పట్టుకుని, మిగిలినంత మేరా వేలాడుతుంది. పంచెకు నడుము దగ్గరి ముడి, చీరకు బొడ్డు దగ్గర దోపిన కుచ్చిళ్లు, ఎడమ భుజం మీది పైట, కండువాకు మెడ లేదా భుజం ఆ పట్టు ఉండే చోట్లు. కోనసీమ పల్లె నేపథ్యంలో పిల్లల పాటలకు పాత్రలు తయారుచేస్తూ నేను సరిదిద్దుకున్న దోషాల్లో ఎక్కువ భాగం ఈ పట్టును తప్పుగా గుర్తించడం వల్ల వచ్చినవే. స్పైన్, మోహో వంటి యానిమేషన్ సాఫ్ట్‌వేర్లలో దేనితో పనిచేసినా మెనూల పేర్లు మారతాయి గాని కారణాలు మారవు.

నడిచేటప్పుడు పంచె కాళ్ల మధ్య సాగిపోతోంది, లేదా మోకాలు బట్టలోంచి బయటికి వస్తోంది

ముందుగా ఒక పరీక్ష చేయండి. ఒక తొడ బోన్‌ను మాత్రమే 40 డిగ్రీలు ముందుకు తిప్పి చూడండి. మోకాలు ఎంత కదిలిందో పంచె అంచు కూడా ఆ పక్కన అంతే కదిలితే, వెయిట్లు (బట్టలోని ఏ బిందువు ఏ బోన్‌తో ఎంత కదలాలన్న లెక్కలు) కాళ్లకు వెళ్లిపోయాయని అర్థం. సాఫ్ట్‌వేర్ తనంతట తాను వెయిట్లు పంచినప్పుడు ప్రతి బిందువును దానికి దగ్గరలో ఉన్న బోన్‌కు ఇస్తుంది. అందువల్ల పంచె ఎడమ సగం ఎడమ తొడకు, కుడి సగం కుడి తొడకు చేరి, కాళ్లు విడివడినప్పుడల్లా మధ్య బిందువులు రెండు వైపులకూ లాగబడతాయి. మోకాలు మడిచిన చోటే బట్టా మడవడంతో పంచె ప్యాంటులా కనిపిస్తుంది.

పరిష్కారంగా, బట్ట మెష్ (బొమ్మ మీద పరిచిన బిందువుల వల) లోంచి తొడ, పిక్క బోన్ల వెయిట్లను పూర్తిగా తీసివేయాలి. కటి బోన్‌కు పిల్లగా (దానితో పాటే కదిలేలా) బట్ట కోసం ఒక బోన్ పెట్టి, దాని నుంచి ముందు, నడుమ, వెనుక అని మూడు గొలుసులను అంచు వరకు దించాలి. ఒక్కో గొలుసులో మూడు బోన్లు చాలు. ఆ తరువాత ఏ తొడ ముందుకు వచ్చినా అది ముందు గొలుసును తోసేటట్లు, ఏ తొడ వెనక్కి వెళ్లినా వెనుక గొలుసును తోసేటట్లు ఏర్పాటు చేయాలి. మోహోలో స్మార్ట్ బోన్ (ఒక బోన్ తిరిగినప్పుడు మరో కదలికను నడిపే ఏర్పాటు) ద్వారా రెండు తొడలకూ ఈ కదలికను విడివిడిగా రాసుకోవచ్చు. ఆ సౌకర్యం లేని చోట, అడుగు అడుగుకూ ముందు కాలు మారుతుంది కనుక, గొలుసును ఒకే కాలికి కట్టివేయకుండా నడక లూప్‌లో (మళ్లీ మళ్లీ తిరిగే నడకలో) చేత్తోనే కీఫ్రేమ్‌లు (ఏ ఫ్రేమ్‌లో బోన్ ఎలా ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఎంత తోయాలన్నది చేలగట్టు మీద నడిచివెళ్లే రైతును పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. ముందు కాలు చాచినప్పుడు నడుము నుంచి మోకాలి దాకా పంచె బిగిసి ఒకే గీతగా ఉంటుంది. మోకాలి కింద బట్ట నిటారుగా జారుతుంది. ముందు మోకాలి నుంచి వెనుక మడమ వైపు ఒక ఏటవాలు ముడత పడుతుంది. పంచె నడుస్తోందన్న భావన కలిగించేది ఆ ఒక్క ముడతే. కాబట్టి దానిని విడి బొమ్మగా గీసి, కాళ్లు బాగా విడివడిన రెండు మూడు ఫ్రేములలో మాత్రమే చూపించండి. మోకాలు అప్పటికీ బయటపడుతుంటే కాలిని మాస్క్‌తో (కొంత భాగం కనిపించకుండా చేసే పొరతో) దాచేయకుండా, మొదట ముందు గొలుసు తోపును పెంచి చూడండి, ఎందుకంటే మాస్క్ తప్పును కప్పుతుంది గాని బట్ట కింద మోకాలు ఉన్నట్టు అనిపించదు. నాట్లకో, మడుగు దాటడానికో పంచె ఎగగట్టిన పాత్రకు ఈ పొడవు గొలుసులు పనికిరావు; దానికి రెండేసి బోన్లతో వేరే మెష్ తయారుచేసుకోవాలి.

పైటచెంగు అట్టముక్కలా ఊగుతోంది

చెంగు మొత్తానికి ఒకే బోన్ ఉండటం గాని, బోన్లు ఎక్కువగానే ఉన్నా అన్నింటి కీఫ్రేమ్‌లు ఒకే ఫ్రేమ్ మీద పడటం గాని దీనికి కారణం. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి గౌతమీ గోదావరిని దాటే పంటు (రేవు పడవ) మీద నిలబడిన వారి చెంగును గమనించండి: భుజం దగ్గర కదలిక చాలా కొద్దిగా ఉంటుంది, అల అక్కడ పుట్టి కొసకు చేరేసరికి పెద్దదవుతుంది, భుజం ఆగిన తరువాత కూడా కొస కాసేపు ఆడుతూనే ఉంటుంది. దీనిని సాధించడానికి నాలుగైదు బోన్ల గొలుసు వేసి, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో బోన్ కీఫ్రేమ్‌లను దాని పై బోన్ కన్నా రెండు ఫ్రేములు ఆలస్యంగా జరపాలి. నాలుగు బోన్లయితే కొస ఆరు ఫ్రేములు వెనకబడుతుంది. కీళ్ల దగ్గరి బిందువులకు పై, కింది బోన్ల వెయిట్లను చెరి సగం పంచకపోతే, ఎన్ని బోన్లు వేసినా కీలు కీలుకూ చెంగు విరిగినట్టే కనిపిస్తుంది. గంజి పెట్టిన నూలు చీరకు మూడు బోన్లతో పెద్ద వంపులు చాలు. పల్చని పట్టుకు ఎక్కువ బోన్లు కావాలి. తడిసిన చీర ఒంటికి అంటుకుంటుంది కనుక ఆలస్యాన్ని దాదాపు తీసివేయాలి.

కుచ్చిళ్ల గీతలు వంకరపోతున్నాయి, అంచు వెడల్పు మారుతోంది

గడుల మెష్‌ను బొమ్మ మీద పరిచినందువల్ల ఇలా జరుగుతుంది. బిందువులను కుచ్చిళ్ల మడతల వెంబడే పై నుంచి కిందికి పెట్టాలి. జరీ అంచుకు పై గీత మీద ఒక వరుస, కింది గీత మీద ఒక వరుస ఉంచి, ఎదురెదురు బిందువులకు ఒకే వెయిట్లు ఇవ్వండి. అప్పుడు ఆ రెండూ కలిసే కదులుతాయి, అంచు సాగదు.

ఫిజిక్స్ పెట్టాక బట్ట వణుకుతోంది, లేదా లూప్ మొదట్లో ఎగిరి పడుతోంది

ఫిజిక్స్ అంటే బట్ట ఊపును సాఫ్ట్‌వేరే లెక్కగట్టి కదిలించే సౌకర్యం. వణుకుకు డ్యాంపింగ్ (ఊపును అణచే విలువ) చాలకపోవడం కారణం. దానిని కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. స్పైన్ 4.2 లో వచ్చిన ఫిజిక్స్ కన్‌స్ట్రెయింట్ వాడేవారు స్ట్రెంగ్త్‌ను (బోన్‌ను దాని చోటికి లాగే బలాన్ని) కూడా తగ్గించి చూడాలి. లూప్ మొదట్లో బట్ట నిశ్చల స్థితి నుంచి, చివర ఊపులో ఉన్న స్థితి నుంచి లెక్కకు వస్తుంది కనుక రెండూ కలవవు. నడకను వరుసగా రెండుసార్లు నడిపించి, రెండో చుట్టులోని కదలికను కీఫ్రేమ్‌లుగా మార్చుకుని, దానినే లూప్‌గా వాడాలి.

పాత్ర వెనక్కి తిరిగి నడవగానే పైట కుడి భుజం మీదికి మారిపోయింది

ఈ దోషాన్ని సాఫ్ట్‌వేర్ చూపించదు, కాని మన ఇళ్లలోని పెద్దవాళ్లు తెర మీద చూసిన మరుక్షణమే పట్టుకుంటారు. ఒకే రిగ్‌ను అద్దంలో ప్రతిబింబంలా తిప్పేయడమే దీనికి కారణం. చీరకట్టుకు ఎడమ, కుడి ఉన్నాయి. ఓణీకీ, భుజం మీది కండువాకూ ఉన్నాయి. శరీరాన్ని, కాళ్లను తిప్పుకోవచ్చు గాని పైటను మాత్రం రెండు వైపులకూ విడివిడిగా గీసి, రెండు స్కిన్లుగా (ఒకే రిగ్ మీద మార్చుకోగల బొమ్మలుగా) ఉంచుకుని, తిప్పిన ఫ్రేమ్‌లోనే స్కిన్ కూడా మారేటట్లు చూసుకోవాలి. ఒక పక్క నుంచి చూసినప్పుడు పైట ఎడమ చేతిని కప్పుతూ మెడ ముందు లేయర్‌లో ఉంటుంది. మరో పక్క నుంచి అది ఛాతీ మీదుగా అవతలి భుజం వెనక్కి వెళ్లి, చెంగు కొస మాత్రమే నడుము వెనుక లేయర్‌లో కనిపిస్తుంది. ఈ రెండో బొమ్మకు చెంగు గొలుసులో రెండు బోన్లు సరిపోతాయి.