బోరులో యురేనియం, గడ్డిలో సీజియం: ముందు మట్టిని చూడండి

వైట్‌ఫీల్డ్ నుంచి కోలారు దాకా నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్, నైస్ రాయి. అందులో సహజంగానే కొంత యురేనియం ఉంటుంది. బోరు నీళ్ల రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే ఎవరికైనా టెన్షనే, మిద్దెతోట ఉన్నవాళ్లకు మరీనూ. కానీ మొక్కలోకి ఎంత ఎక్కుతుందో రిపోర్టులోని అంకె ఒక్కటే చెప్పలేదు. మట్టిని కూడా అడగాలి.

సమస్య: బోరులో యురేనియం ఉంది. కుండీలో పాలకూర తినొచ్చా?

కారణం: నీళ్లలో యురేనియం కార్బొనేట్‌తో కలిసి కరిగి ఉంటుంది. మన ఎర్రమట్టిలోని ఐరన్ ఆక్సైడ్లు దాన్ని బాగానే పట్టుకుంటాయి. నీళ్లలో బైకార్బొనేట్ పెరిగితే ఆ పట్టు సడలుతుంది, మట్టి బాగా ఆమ్లంగా మారినా అంతే. వేరు పీల్చినదాంట్లో చాలా భాగం వేరులోనే ఆగిపోతుంది, ఆకు దాకా వెళ్లేది తక్కువ.

పరిష్కారం: ముందు తాగే నీళ్ల సంగతి తేల్చుకోండి, యురేనియం ఒంట్లోకి వెళ్లే అసలు దారి అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. కాచితే యురేనియం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ తీసేస్తుంది. అయితే ఆర్‌ఓ వదిలే నీళ్లను వృథా చేయకూడదని బకెట్లో పట్టి మొక్కలకు పోస్తుంటారు చాలామంది. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ ఆ బకెట్లో యురేనియం, ఉప్పులు, బైకార్బొనేట్ అన్నీ చిక్కబడి ఉంటాయి. దాన్ని ఇల్లు తుడవడానికి వాడండి, ఆకుకూరలకు వాననీళ్లు పోయండి. ముల్లంగి, క్యారెట్ చెక్కు తీసి వండండి.

సమస్య: అణు ప్రమాదాల్లో వెలువడే రేడియోధార్మిక పదార్థం సీజియం. అది రెండు చోట్లా ఒకే మోతాదులో పడినా, ఒకచోట మాత్రం గడ్డిలో చాలా ఎక్కువ.

ఇది బెంగళూరు సమస్య కాదు. కానీ మట్టి చేసే పని ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం నుంచి వచ్చిన సీజియం వానతో బ్రిటన్ కొండల మీద కురిసింది. అక్కడి గడ్డి మేసిన గొర్రెల అమ్మకాల మీద వేల్స్‌లో పెట్టిన ఆంక్షలు 2012 దాకా పూర్తిగా ఎత్తలేదు.

కారణం: సీజియం రసాయన గుణాల్లో పొటాషియానికి దగ్గరి చుట్టం. ఇల్లైట్ అనే బంకమట్టి రేణువుల పొరల అంచుల్లో అది ఇరుక్కుంటే మళ్లీ అంత సులువుగా బయటికి రాదు. ఆ కొండల మీద ఉన్నది పీట్ నేల: కుళ్లిన నాచు, ఆకులే ఎక్కువ, బంకమట్టి బహు తక్కువ, పైగా ఆమ్లం. పట్టుకునేది లేక సీజియం వేరుకు అందుబాటులోనే ఉండిపోయింది. పొటాషియం కొరత ఉన్న నేలలో మొక్క దాన్ని ఇంకా ఎక్కువగా లాక్కుంటుంది.

పరిష్కారం: పొటాష్ వేయాలి. 2011 అణు ప్రమాదం తర్వాత జపాన్‌లోని ఫుకుషిమా వరి రైతులు చేసింది అదే: 100 గ్రాముల మట్టికి మొక్కకు అందే పొటాష్ 25 మిల్లీగ్రాములు ఉండేలా చూసుకున్నారు. అమ్మోనియం ఎరువు విషయంలో మాత్రం జాగ్రత్త. అమ్మోనియం ఆ బంకమట్టి పొరల అంచుల్లోకి దూరి సీజియాన్ని బయటికి నెడుతుంది.

సమస్య: పాలలో స్ట్రాన్షియం, అణు ప్రమాదాల్లో వెలువడే మరో రేడియోధార్మిక పదార్థం.

కారణం: ఇది కాల్షియం బాట పడుతుంది, ఎముకల్లో చేరుతుంది. కాల్షియం తక్కువైన ఆమ్ల నేలల్లో గడ్డిలోకి బాగా ఎక్కుతుంది. పరిష్కారం సున్నం. అప్పటికే సున్నం దండిగా ఉన్న నేలలో ఇంకా వేసినా లాభం ఉండదు, కాబట్టి ముందు పీహెచ్, కాల్షియం పరీక్ష చేయించాలి.

సమస్య: సీజియం పడిన మట్టిని మార్చే వీలు లేదు, మంద అక్కడే మేస్తోంది.

పరిష్కారం: అమ్మే ముందు కొన్ని వారాలు శుభ్రమైన మేత మీద ఉంచాలి. గొర్రె ఒంట్లోని సీజియం సుమారు 10 రోజులకోసారి సగమవుతుంది. నార్వేలో అయితే మేతలో, ఉప్పు గడ్డల్లో ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థం కలిపారు. అది పేగులోనే సీజియాన్ని పట్టుకుని పేడతో బయటికి పంపేస్తుంది. ఆ పేడను మళ్లీ అదే పొలంలో వేసినా, అందులోని సీజియం మొక్కకు అందడం తక్కువే.