పదిమంది కలిసి పార్టులు తెప్పించుకోవడం, సర్క్యూటు సరిచూసుకోవడం

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే రెసిస్టర్లు, బర్గ్ స్ట్రిప్పులు, ఐసీ బేసులు, రిలిమేట్ కనెక్టర్లు కావలసినన్ని దొరుకుతాయి. "వన్ నాట్ ఫోర్" అని అడిగితే చాలు, దుకాణదారు మరో మాట లేకుండా 100 నానోఫారడ్ల కెపాసిటర్లు పొట్లం కట్టి చేతిలో పెడతాడు. వీటికోసం పదిమంది కూడబలుక్కోవలసిన పని లేదు. గల్లీలో దొరకని టొరాయిడ్ కోర్లు (తీగ చుట్టి కాయిల్ చేసుకునే ఉంగరాల్లాంటి కోర్లు), ఒకే బ్యాచ్‌కు చెందిన క్రిస్టళ్లు (స్థిరమైన ఫ్రీక్వెన్సీని ఇచ్చే పార్టులు), ఒక్కటి కొంటే ఒక ధర, వంద కొంటే మరొక ధర పలికే ఐసీలు అవసరమైనప్పుడే ఉమ్మడి ఆర్డరు అక్కరకు వస్తుంది. అటువంటి ఆర్డరును తగాదాలు రాకుండా ఎలా నడపాలో, దానితోపాటు సభ్యుల సర్క్యూట్లను ఎలా సరిచూడాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ రెండింటినీ వేర్వేరు పనులుగా చూడడమే చాలా బృందాలు చేసే పొరపాటని నా అభిప్రాయం. సర్క్యూటు చూడకుండా పార్టు కొనిపెడితే తప్పు పార్టునే పదిమందికీ చవకగా పంచినట్టవుతుంది.

ఉదాహరణకు ఒక నిజమైన పనిని తీసుకుందాం. హైదరాబాదుకు చెందిన అషర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్20 అనే 20 మీటర్ల బ్యాండు ట్రాన్స్‌సీవర్‌ను (సంకేతాలను పంపి, అందుకునే రేడియోను) మన దేశంలోనే కాక బయట కూడా ఎందరో హ్యామ్‌లు (అభిరుచి కోసం రేడియో నడిపేవారు) ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్నారు. ఖరీదైన విదేశీ కోర్లు దొరకని చోట కుళాయి వాషర్ల మీద కాయిల్స్ చుట్టుకునేలా దాన్ని రూపొందించడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అందులోని ఫిల్టర్‌కు దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీ గల 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు నాలుగు కావాలి, బీఎఫ్ఓకు (అందుకున్న సంకేతాన్ని వినబడే మాటగా మార్చడానికి తోడ్పడే ఆసిలేటర్‌కు) ఇంకొకటి కావాలి. ఒక్కడే ఐదు క్రిస్టళ్లు కొంటే వాటిలో నాలుగు జత కుదరడం అదృష్టమే. పదిమంది కలిసి ఒకే బ్యాచ్‌లో 70 కొంటే అది లెక్కతో తేలే పని. ట్రాన్స్‌మిటర్‌ను గాలిలోకి వదలాలంటే అమెచ్యూర్ లైసెన్సు తప్పనిసరి కనుక, అది లేనివారు ముందు రిసీవర్ భాగం మాత్రమే కట్టుకోవడం మేలు.

ఆర్డరుకు పునాది పట్టిక. ఒక్కొక్క వరుసలో సభ్యుడి పేరు, పార్టు పూర్తి నంబరు, ప్యాకేజీ (పార్టు ఆకారం, కాళ్ల తీరు), సంఖ్య, ఆ పార్టు సర్క్యూటులో ఏ పని చేస్తుందో ఒక వాక్యం ఉండాలి. చివరి గడిని చాలామంది అనవసరమనుకుంటారు గాని తప్పులు పట్టుబడేది అక్కడే. "ఐఆర్ఎఫ్540, 10" అని మాత్రమే రాస్తే ఎవరికీ అనుమానం రాదు. పక్కన "ఆర్డుయినో పిన్నుతో 12 వోల్టుల మోటారు తిప్పడానికి" అని ఉంటే, ఆ మాస్ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) పూర్తిగా తెరుచుకోవడానికి గేటు అనే కాలికి 10 వోల్టుల దాకా కావాలని, 5 వోల్టులతో నడిచే పనికి ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ వంటి లాజిక్ లెవెల్ రకం తీసుకోవాలని తెలిసినవారు వెంటనే చెప్పగలుగుతారు. డబ్బు ఖర్చు కాకముందే సలహా అందినట్టవుతుంది.

పూర్తి నంబరు గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మొదటిసారి ఆర్డరు బాధ్యత నాకే అప్పగించినప్పుడు పట్టికలో "ఎల్ఎం358" అని మాత్రమే ఉంటే, ధర తక్కువగా కనిపించిన వరుసను చూసి 40 తెప్పించాను. వచ్చినవి బోర్డు మీద పైనుంచి అతికించే చిన్న ఎస్ఎండీ ఐసీలు. సభ్యులందరి దగ్గరా ఉన్నవి ఎనిమిది కాళ్ల డిప్ బేసులు. నంబరు చివర వచ్చే అక్షరాలు ప్యాకేజీని, ఉష్ణోగ్రత పరిధిని, రీలులో వస్తుందా ట్యూబులో వస్తుందా అన్నదాన్ని తెలియజేస్తాయి కనుక వాటిని కత్తిరించకూడదు. ట్రాన్సిస్టర్లకూ ఇదే వర్తిస్తుంది: బీసీ547ఏకి గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) 110 నుంచి 220 వరకు ఉంటే, సీ రకానికి 420 నుంచి 800 వరకు ఉంటుంది. కాళ్ల వరుస కూడా అన్నింటికీ ఒకటి కాదు. చదునైన ముఖం మనవైపు ఉంచి కాళ్లు కిందికి పెట్టి ఎడమనుంచి చూస్తే బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. 2ఎన్3904కు సరిగ్గా తిరగబడి ఎమిటర్, బేస్, కలెక్టర్ వస్తాయి. ఒకటి లేదని రెండోదాన్ని అదే చోట గుచ్చితే సర్క్యూటు మొరాయిస్తుంది.

సరుకు లేనప్పుడు బదులుగా ఏది తీసుకోవచ్చో సభ్యుడే ముందుగా రాసిపెట్టాలి. 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ లేకపోతే, బోర్డు మీద చోటు సరిపోయేట్టయితే 25 వోల్టులది నిరభ్యంతరంగా వాడవచ్చు, తక్కువ వోల్టులది వాడకూడదు. సప్లై పక్కన పెట్టే 100 నానోఫారడ్ల కెపాసిటర్ ఎక్స్7ఆర్ రకం అయితే సరిపోతుంది. అదే ఆసిలేటర్‌లో ఫ్రీక్వెన్సీని నిర్ణయించే కెపాసిటర్ అయితే వేడికి విలువ దాదాపు మారని ఎన్‌పీ0 రకమే కావాలి, లేకపోతే గది వేడెక్కిన కొద్దీ స్టేషన్ జారిపోతూనే ఉంటుంది. విలువ ఒకటే అయినా పని వేరు కనుక, బదులు పార్టును నిర్వాహకుడు తనకు తోచినట్టు నిర్ణయించడం సరికాదు.

ఇక డబ్బు సంగతి. ముగింపు తేదీ ఒకటి ప్రకటించాలి. ఆ తేదీలోపు డబ్బు చేరని వరుసలను మొహమాటం లేకుండా తీసివేయాలి. "నువ్వు పెట్టేయ్, తర్వాత ఇస్తా" అనే మాట మంచి స్నేహితుడినుంచి వచ్చినా దాన్ని ఒప్పుకుంటే పట్టిక మీద నమ్మకం పోతుంది. కొరియరు ఖర్చును తలా ఇంత అని పంచితే 40 రూపాయల డయోడ్లు కోరినవాడు 150 రూపాయల రవాణా చెల్లించవలసి వస్తుంది కాబట్టి విలువను బట్టి పంచడమే న్యాయం. విదేశంనుంచి 10,000 రూపాయల సరుకు వచ్చిందని, రవాణా 1,500, సుంకాలూ పన్నులూ 3,000 అయ్యాయని అనుకుందాం. మొత్తం 14,500 కనుక గుణకం 1.45, ప్రతి సభ్యుడి సరుకు విలువను దానితో గుణిస్తే అతను చెల్లించవలసిన మొత్తం వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్, హీట్ సింక్ వంటి బరువైన వస్తువులకు మాత్రం రవాణాను తూకాన్ని బట్టి విడిగా కట్టాలి. సుంకం ఎంత పడుతుందో ముందుగా ఖచ్చితంగా తేలదు కనుక కొంత ఎక్కువ వసూలు చేసి, మిగిలింది బిల్లుల ఫొటోలతో సహా తిరిగి ఇచ్చేయాలి. బిల్లు అందరూ చూసేలా పెడితే నిర్వాహకుడి నిద్రకు కూడా మంచిది.

దిగుమతి సరుకు ఒక వ్యక్తి పేరు మీదనే వస్తుంది. గుర్తింపు పత్రాలు ఇవ్వవలసింది, కస్టమ్స్ అడిగినదానికి జవాబు చెప్పవలసింది అతనే. అందువల్ల ప్రతి ఆర్డరుకూ ఒక్కడి మీదనే భారం పడకుండా వంతులు వేసుకోవాలి. వైఫై, బ్లూటూత్ మాడ్యూళ్లకు మన దేశంలో పరికర ఆమోదం తాలూకు నిబంధనలు ఉన్నాయి కనుక వాటిని, విమానంలో పంపడానికి ఆంక్షలు ఉన్న లిథియం సెల్లులను ఈ పెట్టెలో కలపకుండా ఇక్కడి అమ్మకందారుల దగ్గరే కొనుక్కోవడం ఉత్తమం. ఒక్క వస్తువు వల్ల పెట్టె మొత్తం ఆగిపోతే మిగిలిన తొమ్మిదిమంది ఎదురుచూడవలసి వస్తుంది.

సరుకు వచ్చాక పంచడానికి ముందు పరీక్షించడం ఉమ్మడి ఆర్డరు వల్ల కలిగే అసలు లాభం. అందరి ఇళ్లలో ఫ్రీక్వెన్సీ కౌంటర్ ఉండదు, ఒకరి దగ్గర ఉంటే చాలు. 70 క్రిస్టళ్లకూ మార్కర్‌తో అంకెలు వేసి, ఒకే ఆసిలేటర్‌లో, ఒకే సప్లైతో, ఒకే గదిలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి ఫ్రీక్వెన్సీ రాసుకోవాలి. వేళ్ల వేడికి క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ కొద్దిగా కదులుతుంది కనుక పెట్టిన వెంటనే అంకె రాసుకోకుండా ఒక నిమిషం ఆగాలి. కౌంటర్ కొంచెం తప్పు చూపినా చింతించనక్కరలేదు, ఇక్కడ కావలసింది క్రిస్టళ్ల మధ్య తేడా మాత్రమే. తరువాత వాటిని చిన్న ఫ్రీక్వెన్సీనుంచి పెద్దదానికి వరుసగా పేర్చి, పక్కపక్కన ఉన్న నాలుగేసి చొప్పున విడదీయాలి. నాలుగింటి మధ్య తేడా 100 హెర్ట్జ్ దాటకుండా ఉంటే సంతృప్తి పడవచ్చు. పదిమంది ఫిల్టర్లకు 40, బీఎఫ్ఓలకు 10 పోగా 20 మిగులుతాయి; వరుసకు రెండు చివర్లలో ఉన్నవాటిని బీఎఫ్ఓకు, మిగులుకు కేటాయించాలి.

టొరాయిడ్లను రంగు చూసి నమ్మకూడదు. ఎర్ర రంగు టీ50-2 కోర్ మీద 20 చుట్లు చుట్టి ఎల్‌సీ మీటరుతో కొలిస్తే సుమారు 2 మైక్రోహెన్రీలు చూపించాలి. చాలా తేడా వస్తే ఎవరో వేరే కోర్‌కు ఎర్ర రంగు పూసి అమ్మారని అర్థం. ఐఆర్ఎఫ్510 వంటి మాస్ఫెట్లలోనూ పేరు చెరిపి వేరే పేరు వేసినవి వస్తుంటాయి. నమ్మకమైన చోట కొన్న ఒకదాన్ని పక్కన పెట్టుకుని గేటు కెపాసిటెన్స్‌ను పోల్చి చూస్తే తేడా బయటపడుతుంది. ఐసీలను, మాస్ఫెట్లను వెండిరంగు యాంటీస్టాటిక్ కవర్లలోనే పంచాలి. మామూలు పాలిథిన్ సంచిలో వేసి ఇచ్చేవారిని నేను ఇప్పటికీ చూస్తున్నాను. సంచిని రుద్దితే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయని బడిపిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు సర్క్యూటు సలహా. అడిగేవారు నాలుగు విషయాలు ఇస్తే సగం పని అయిపోయినట్టే: చేత్తో గీసినదైనా సరే మొత్తం సర్క్యూటు బొమ్మ, పగటి వెలుతురులో తీసిన బోర్డు రెండు వైపుల ఫొటోలు, నల్ల ప్రోబ్‌ను గ్రౌండుకు పెట్టి ప్రతి ఐసీ కాలి దగ్గరా కొలిచిన వోల్టేజీలు, ఆఖరుసారి పనిచేసినప్పటినుంచి ఏమి మార్చారో ఆ వివరం. "పనిచేయడం లేదు" అనే ఒక్క మాటకు సమాధానం చెప్పబోయేవారు ఊహాగానం చేస్తున్నట్టే లెక్క. సమాధానమిచ్చేవారు కూడా "ఐసీ మార్చి చూడండి" అని మొదలుపెట్టకుండా ఏం కొలవాలో చెప్పాలి. బోర్డు మీద ఎనిమిది ఐసీలుంటే ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడంలో రాగి పట్టీలు లేచిపోవడమే మిగులుతుంది.

తరచుగా వచ్చే ఒక ప్రశ్నను చూద్దాం: రిలే టక్కుమనగానే మైక్రోకంట్రోలర్ మళ్లీ మొదటినుంచి మొదలవుతోంది. షుగర్ క్యూబ్ రిలే అని పిలిచే 5 వోల్టుల నీలం రిలే కాయిల్ సుమారు 70 ఓమ్‌లు ఉంటుంది, అంటే దాదాపు 70 మిల్లీఆంపియర్లు తాగుతుంది. ఆర్డుయినో ఊనో బోర్డు పిన్ను భరించగల గరిష్ఠ పరిమితి 40 కనుక, బొమ్మలో ఆ రిలే నేరుగా పిన్నుకు కలిపి ఉంటే తప్పు అక్కడే దొరికింది. మధ్యలో బీసీ547, దాని బేస్‌కు 1 కిలోఓమ్ రెసిస్టర్ ఉన్నాయనుకుంటే బేస్‌లోకి 4 మిల్లీఆంపియర్లు పోతాయి, అది సరిపోతుంది. అప్పుడు అడగవలసింది కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు ఉందా, దాని గీత ఉన్న చివర పాజిటివ్ వైపే ఉందా అని. అదీ సరిగా ఉంటే గ్రౌండు మాత్రం కలిపి ఉంచి రిలేను వేరే సప్లైతో నడిపి చూడమనాలి. రీసెట్ ఆగిపోతే కారణం సప్లై కుంగడమే. అడాప్టర్ సామర్థ్యం పెంచడం, కంట్రోలర్ దగ్గర 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టడం, రిలే తీగను సప్లై మొదలునుంచే విడిగా లాగడం చేయాలి. ఆగకపోతే రిలే కాంటాక్టుల దగ్గర తెగుతున్న 230 వోల్టుల లోడు చేసే రొదను అనుమానించాలి. ఒక్కొక్క కొలత కొన్ని కారణాలను కొట్టివేసేలా ప్రశ్నలు వేస్తే నాలుగైదు సందేశాల్లో తేలిపోతుంది.

రెగ్యులేటర్లు కాలిపోతున్నాయన్న ఫిర్యాదుకు గుణకారం ఒక్కటే చాలు. 12 వోల్టులనుంచి 7805తో 5 వోల్టులు తీసుకుంటూ అర ఆంపియరు వాడితే (12 – 5) × 0.5, అంటే 3.5 వాట్లు వేడిగా పోవాలి. హీట్ సింక్ లేకుండా అది కుదరదు. ఐఆర్ఎఫ్510 విషయంలో ఇంకొక చిక్కు ఉంది: దాని లోహపు రెక్క డ్రెయిన్‌కు కలిసి ఉంటుంది కాబట్టి హీట్ సింక్‌కు బిగించేటప్పుడు మైకా వాషర్, ప్లాస్టిక్ బుష్ మరిచిపోతే సప్లై నేరుగా చాసిస్‌కు షార్టవుతుంది.

230 వోల్టులకు సంబంధించిన ప్రశ్నల్లో మాత్రం బృందం కఠినంగానే ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో వోల్టేజీ తగ్గించే సర్క్యూటులో 5 వోల్టుల వైపు కూడా కరెంటు లైనుకే అతుక్కుని ఉంటుంది. దాన్ని చేత్తో తాకుతూ దూరంనుంచి సలహాలు తీసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఐసొలేషన్ ఉన్న (కరెంటు లైనుతో నేరుగా కలవని) మొబైల్ చార్జర్ వాడమని చెప్పి ఆ చర్చను అక్కడితో ఆపడం మంచిది. తప్పనిసరిగా ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) బాగుచేయవలసి వస్తే, అలవాటున్నవారి పక్కన కూర్చుని, బల్బు ఉన్న సీరీస్ బోర్డు ద్వారానే కరెంటు ఇవ్వాలి.

పంపకం పూర్తయ్యాక మిగిలిన పార్టులను ఉమ్మడి డబ్బాలో వేసి, ప్రతి కవరు మీద పూర్తి నంబరు, కొన్న నెల, చేసిన పరీక్ష రాసిపెట్టాలి. అందులోనుంచి తీసుకున్నవారు పట్టికలో ఒక వరుస రాసి, గుణకంతో వచ్చిన ధరను బృందం ఖాతాలో జమ చేయాలి. బోర్డులోనుంచి ఊడదీసిన ఐసీని, "బహుశా బాగానే ఉంది" అనిపించినా సరే, ఆ డబ్బాలో వేయనివ్వకూడదు. వాటికి వేరే డబ్బా పెట్టి, పైన ఎర్ర టేపు అంటించండి.