స్పైరల్ బ్లేడు బిగించే ముందు

స్క్రోల్ సా అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో బొమ్మలు కోసే మిషను. దానికి మామూలుగా వాడే చదును బ్లేడుకు పళ్లు ముందువైపే ఉంటాయి, వెనకవైపు నున్నగా ఉంటుంది. అలాంటి బ్లేడును పొడవునా మెలి తిప్పితే స్పైరల్ బ్లేడు అవుతుంది. దానికి ముందూ వెనకా లేదు, చుట్టూ పళ్లే. చెక్కను తిప్పకుండానే ముందుకు, వెనక్కు, పక్కలకు, ఎటు తోస్తే అటు కోస్తుంది. ఇది చూసే కొత్తవాళ్లు దాన్ని కొనాలని ఉత్సాహపడతారు. కొనండి, తప్పులేదు. కానీ వేలు తగిలినా ఫరవాలేదనుకునే పక్క ఈ బ్లేడుకు ఒక్కటీ లేదు. ఏ సైజు కొనాలన్న దగ్గర్నుంచి చేతులు ఎక్కడ పెట్టాలన్నదాకా జాగ్రత్తలన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయి.

అసలు మీ పనికి ఇది అవసరమా అన్నది ముందు చూసుకోండి. బ్లేడుకూ మిషను వెనక భాగానికీ మధ్య ఉన్న దూరం కంటే పెద్ద చెక్కను గుండ్రంగా తిప్పడం కుదరదు. ఉదాహరణకు 16 అంగుళాల మిషను మీద పొడవాటి పలక తిప్పబోతే వెనక తగిలి ఆగిపోతుంది. అలాంటప్పుడు స్పైరల్ బ్లేడు నిజంగా ఆదుకుంటుంది. లోపల వందలకొద్దీ చిన్న బెజ్జాలుండే మనుషుల ముఖాల బొమ్మలకు కూడా అంతే. తిన్నని గీతలకు, పదునైన మూలలున్న అక్షరాలకు, పజిల్ ముక్కలకు మాత్రం చదును బ్లేడే మేలు. స్పైరల్ కోత వెడల్పు సైజును బట్టి సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది, లోపలి మూలలు గుండ్రమవుతాయి, పజిల్ ముక్కలు వదులైపోతాయి. కోసిన అంచు కూడా గరుకుగా వస్తుంది. ఇవన్నీ ఆ బ్లేడు స్వభావంలోనే ఉన్నాయి, చెయ్యి తిరిగినంత మాత్రాన పూర్తిగా పోవు.

బ్లేడు సైజులు నంబర్లలో ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ బ్లేడు లావవుతుంది. 2/0 అన్నది సున్నా కంటే కూడా సన్నం. సన్నని బ్లేడుతో నాజూకు పని వస్తుందని చాలామంది దాంతోనే మొదలుపెడతారు. నా సలహా వేరు. 3 నుంచి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద 2 లేదా 3 నంబరుతో మొదలుపెట్టండి. సన్నవి కొంచెం పక్కకు నొక్కినా వంగుతాయి, త్వరగా తెగుతాయి. చెయ్యి ఎంత బలంగా తొయ్యాలో తెలియని రోజుల్లో మాటిమాటికీ బ్లేడు తెగడం ఖర్చు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. అలాగని మరీ లావు నంబరుకు పోతే బొమ్మలోని సన్నని గీతలు కోతలోనే కొట్టుకుపోతాయి.

కొనేటప్పుడు బ్లేడు కొసలు తప్పకుండా చూడండి. కొన్నిటికి మెలిక చివరిదాకా ఉంటుంది, కొన్నిటికి రెండు కొసలూ చదునుగా వదిలేస్తారు. చదును కొసలున్నవే తీసుకోండి. మెలి తిరిగిన కొస బ్లేడును పట్టి ఉంచే క్లాంపులో సరిగ్గా కూర్చోదు, పని మధ్యలో జారిపోతుంది. మీ మిషను పిన్ను బ్లేడు (కొసల్లో అడ్డంగా చిన్న పిన్ను ఉండేది) పట్టేదా, పిన్ను లేనిది పట్టేదా అన్నది కూడా ముందే తెలుసుకోండి. పిన్ను బ్లేడుకు లోపలి కోతల దగ్గర దాన్ని దూర్చడానికి పెద్ద బెజ్జం వెయ్యాలి. చిన్న చిన్న కిటికీలున్న బొమ్మకు అది పనికిరాదు.

బిగించేటప్పుడు ప్లగ్గు తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు. కాలితో నొక్కే స్విచ్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే బెజ్జంలోంచి బ్లేడు దూర్చేటప్పుడు రెండు చేతులూ బ్లేడు దగ్గరే ఉంటాయి. కొత్త బ్లేడుకు సన్నగా నూనె పూత ఉంటే కొసలను గుడ్డతో తుడవండి, లేకపోతే క్లాంపు పట్టు జారుతుంది. పళ్లు కిందికి చూడాలి. కంటికి తెలియకపోతే పాత గుడ్డముక్కను బ్లేడు మీద మెల్లగా రెండువైపులకూ లాగి చూడండి, ఏ వైపు లాగితే పట్టుకుంటుందో తెలిసిపోతుంది. తలకిందులుగా బిగిస్తే మిషను వెయ్యగానే చెక్క పైకి ఎగురుతుంది.

ఇక టెన్షన్, అంటే బ్లేడు బిగువు సంగతి. దీని మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మెలి తిరిగిన బ్లేడు కొత్తలో సాగుతుంది. బాగానే బిగించాం కదా అనుకున్నా, కోత మొదలైన కాసేపటికే వదులవుతుంది. వదులైన బ్లేడు గీత మీద నిలవదు. మనం తోసిన వైపుకు వంగి కోత ఏటవాలుగా దిగుతుంది, పైన బొమ్మ సరిగ్గా ఉన్నా కింద వంకరగా కనిపిస్తుంది. అందుకే ఒకటి రెండు నిమిషాలు కోశాక మిషను ఆపి మళ్లీ బిగించండి. బల్ల బ్లేడుకు నిలువుగా ఉందో లేదో మూలమట్టంతో చూసుకోవడం కూడా అప్పుడే చేయండి.

చేతుల దగ్గరికి వస్తే, చదును బ్లేడుకు అలవాటుపడ్డవాళ్లు వెనకవైపు వేలు పెట్టినా ఏమీ కాదనుకుంటారు. ఆ అలవాటు ఇక్కడ పూర్తిగా మానాలి. వేళ్లు బ్లేడుకు కనీసం రెండు అంగుళాల దూరంలో, మిషను పై చేయి కదిలే దారికి పక్కగా ఉండాలి. అంత దూరం కుదరనంత చిన్న ముక్కయితే దాన్ని పెద్ద పలకకు అంటించి కోయండి. చెక్కను రెండు చేతులతో బల్లకు అదిమి పట్టండి, కొత్తలో చెక్కను పైనుంచి అదిమిపెట్టే మిషను కాలు కూడా దించి ఉంచండి. ఈ బ్లేడు చెక్కను ఏ వైపుకైనా లాగగలదు, ఎటు లాగుతుందో ముందు తెలియదు. చేతి తొడుగులు వద్దు, పొడవు చేతుల చొక్కా అయితే మడిచిపెట్టుకోండి.

బ్లేడు తెగితే భయపడి చేతులు విసరకండి. ముందు స్విచ్ ఆపండి. పై క్లాంపులో మిగిలిన ముక్క మిషను ఆగేదాకా పొడుస్తూనే ఉంటుంది. అందుకే స్విచ్ చూడకుండా అందుకోగలిగేచోట ఉండాలి.

అసలు బొమ్మ జోలికి వెళ్లేముందు పనికిరాని ప్లైవుడ్ ముక్క మీద ఒక వృత్తం, ఒక ఎనిమిది అంకె, ఒక తిన్నని గీత కోసి చూడండి. తిన్నని గీతే అన్నిటికంటే కష్టమని తెలుస్తుంది. బ్లేడు చెక్క నార వెంట జారిపోవాలని చూస్తుంది, నారకు అడ్డంగా వెళ్లేటప్పుడు ఒకలా, వెంట వెళ్లేటప్పుడు ఇంకోలా చేతికి తగులుతుంది. పలకను తిప్పకుండా ఒకే దిశలో ఉంచి జరుపుతూ పోతే ఆ తేడా త్వరగా పట్టుబడుతుంది. మిషను వేగం మధ్యస్థంగా పెట్టుకోండి. బలంగా తొయ్యకండి, బ్లేడు కోసినంతే ముందుకు వెళ్లండి.

లోపలి కోతల కోసం బెజ్జాలు వేశాక, పలక అడుగున లేచిన పీచును శాండ్‌పేపరుతో తీసేయాలి. లేకపోతే పలక బల్ల మీద సమంగా కూర్చోక ఊగుతుంది, ఊగితే బ్లేడు పట్టేస్తుంది. అడుగున పనికిరాని పలుచని పలక జోడించి కోస్తే వెనక లేచే పీచు కూడా తగ్గుతుంది.

కళ్లను కాపాడే అద్దాలు, దుమ్ము ఆపే మాస్కు రెండూ ఉండాల్సిందే. స్పైరల్ బ్లేడు వెడల్పుగా కోస్తుంది కాబట్టి పొట్టు కూడా ఎక్కువ వస్తుంది. గీత మీద పొట్టు ఊదే చిన్న గొట్టం దాన్ని సరిగ్గా మీ ముఖం వైపు తోయవచ్చు, దాని దిశ మార్చుకోండి. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) కోస్తుంటే ఇంకా జాగ్రత్త, ఆ దుమ్ము మరీ సన్నం, అందులో జిగురు కూడా కలిసి ఉంటుంది. పని అయ్యాక తెగిన బ్లేడు ముక్కలను చెత్తబుట్టలో ఊరికే వేయకండి. మూత ఉన్న డబ్బాలో వేసిపెట్టండి, పలక వెనక పీచు తీసే పని తర్వాత చూసుకోవచ్చు.