జూలైలో అమెరికా, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్: శిక్షణ చెడకుండా ఎలా?

హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టు చివర్లో. పిల్లల దగ్గరికో, ఆఫీసు పనికో అమెరికా వెళ్లేది ఎక్కువగా జూన్, జూలైలలో. వారానికి 50, 60 కిలోమీటర్లు పరుగెత్తాల్సిన రోజులు సరిగ్గా ప్రయాణం మీదే పడతాయి. మూడు వారాల న్యూజెర్సీ ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకుని రాస్తున్నాం. వేరే ఊరికి వెళ్లేవాళ్లు టైము తేడా, వాతావరణం మార్చుకుంటే సరిపోతుంది.

టికెట్ కొన్న రోజే ఒక నిర్ణయం జరిగిపోవాలి. వారంలో ఐదు పరుగులూ చేయాల్సిందేనని పట్టుబడితే మొదటి వారంలోనే అన్నీ చేజారతాయి. రెండింటినే గట్టిగా పట్టుకోండి: ఒక లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు), ఒక వేగపు పరుగు. మిగతావి కుదిరితే చేయండి, లేకపోతే వదిలేయండి. రెండు మూడు వారాల పాటు మొత్తం కిలోమీటర్లు సగానికి తగ్గినా, ఆ వేగపు పరుగు నిలిస్తే సంపాదించుకున్న దమ్ము చాలావరకు నిలుస్తుంది. పూర్తిగా మానేస్తే మాత్రం పది, పన్నెండు రోజుల తర్వాత అది దిగడం తెలుస్తుంది. ఏది వదులుకోవాలో ముందే తేల్చుకుంటే అక్కడికెళ్లాక చుట్టాల మధ్య గింజుకోవాల్సిన పని ఉండదు.

సామాను, విమానం

పరుగు షూ కాళ్లకే వేసుకుని వెళ్లండి, కనీసం హ్యాండ్ బ్యాగులో పెట్టండి. చెకిన్ పెట్టె రెండు రోజులు ఆలస్యమైనా ఒక జత బట్టలు, వాచీ ఛార్జర్ చేతిలో ఉండాలి. ఎనర్జీ జెల్స్ భద్రతా తనిఖీలో ద్రవాల కిందికే వస్తాయి కాబట్టి ఎక్కువ ఉంటే చెకిన్‌లో వేయండి. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు ఆరో ఏడో చాలు. ఇక్కడి ఎలక్ట్రిక్ కెటిల్ మోసుకెళ్లొద్దు. అది 230 వోల్టులది, అక్కడ వచ్చేది 120, నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతుంది. వాచీ, ఫోన్ ఛార్జర్లకు పిన్ అడాప్టర్ ఉంటే చాలు.

చివరి లాంగ్ రన్ విమానానికి కనీసం రెండు రోజుల ముందే అయిపోవాలి. అలిసిన పిక్కలతో ఇరవై గంటలు కూర్చుంటే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. నడవా పక్క సీటు తీసుకుని గంటన్నరకోసారి లేచి నడవండి. మోకాలి దాకా వచ్చే కంప్రెషన్ సాక్సులు పనికొస్తాయి.

మొదటి ఐదు రోజులు

చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. వేసవిలో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ సాయంత్రం ఏడున్నర అయినప్పుడు మీ ఒంటికి తెల్లవారుజామున ఐదు. ఒంటి వేడి బాగా తగ్గి, కండరాలు బిగుసుకుని, కళ్లు మూతలు పడే సమయమది. ఎండ తగ్గిందని ఆ వేళ ఇంటర్వెల్స్‌కి (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి పరుగెత్తడం) దిగితే అనుకున్న పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) రాదు, పిక్క పట్టేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మాత్రం ఒంటికి మధ్యాహ్నం పన్నెండున్నర కాబట్టి మెలకువ దానంతటదే వస్తుంది. మెలకువ వచ్చింది కదా అని చీకట్లో, తెలియని రోడ్డు మీదికి వెళ్లొద్దు. వెలుతురు వచ్చేదాకా ఆగండి. జూలైలో ఐదున్నరకల్లా వస్తుంది.

దిగిన రోజు అరగంట నడక మాత్రమే. రెండో రోజు 5 కిలోమీటర్లు, మాట్లాడుకుంటూ పోగలిగేంత నెమ్మదిగా. గుండె వేగం మామూలు కంటే కాస్త ఎక్కువ చూపిస్తే కంగారు పడొద్దు. నిద్ర సరిపోకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా అలాగే ఉంటుంది. మూడో రోజు 8 కిలోమీటర్లు, చివర్లో 20 సెకన్ల చొప్పున నాలుగైదు స్ట్రైడ్స్ (వేగం పెంచుతూ పోయే చిన్న పరుగులు). నాలుగో రోజు విశ్రాంతి. ఐదో రోజు మొదటి వేగపు పరుగు, అదీ మామూలు దానిలో మూడింట రెండు వంతులే. సాయంత్రం నాలుగు, ఆరు మధ్య ఇంట్లో సోఫా మీద కూర్చోకుండా బయట వెలుతురులో తిరగండి. రాత్రి తొమ్మిది దాకా మేలుకుని ఉండటానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. రాత్రి ఐదు గంటల నిద్ర కూడా పట్టకపోతే ఆ రోజు వేగపు పరుగును ఈజీ రన్‌గా మార్చేయండి.

రోడ్డు మీద

మన దగ్గర బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి, అందుకే ఎదురొచ్చేవి కనిపించేలా కుడి అంచున పరుగెత్తుతాం. అమెరికాలో దీనికి తలకిందులు. ఫుట్‌పాత్ లేని చోట ఎడమ అంచునే ఉండాలి. రోడ్డు దాటేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. మన మెడ అలవాటుగా ముందు కుడికి తిరుగుతుంది, అక్కడ దగ్గరి లేన్‌లో బండి ఎడమ నుంచి వస్తుంది. ఇంకొకటి: న్యూజెర్సీలో ఎర్ర లైటు ఉన్నా, వద్దని బోర్డు లేనిచోట బండి ఆగి చూసుకుని కుడికి తిరగొచ్చు. ఆ డ్రైవరు చూపంతా తన ఎడమవైపే ఉంటుంది, కుడి నుంచి పరుగెత్తుకొచ్చే మనిషి కనపడడు. డ్రైవరు మీ కళ్లలోకి చూశాడని తేలాకే అడుగు వేయండి. మూడు వారాల పాటు ఇయర్‌ఫోన్స్ ఇంట్లోనే పెట్టేయడం మంచిది.

లాంగ్ రన్‌కి డెలావేర్ అండ్ రారిటన్ కాలువ గట్టు లాంటి చోటు దొరకడం అదృష్టం. ప్రిన్స్‌టన్, కింగ్‌స్టన్, గ్రిగ్స్‌టౌన్ మీదుగా చదునుగా, చెట్ల నీడలో, మెత్తటి మట్టి, కంకర దారి. నీళ్లు మాత్రం దారిలో దొరుకుతాయని నమ్ముకోవద్దు. అర లీటరు సీసాలు రెండు మోయండి. గడ్డి అంచులో నడవొద్దు. ఆ ప్రాంతంలో లైమ్ జబ్బు అంటించే పేలలాంటి చిన్న పురుగులు, వాటిని టిక్స్ అంటారు, గడ్డి నుంచి కాళ్లకు ఎక్కుతాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో, సాక్సు అంచు కింద చూసుకోండి. అంటుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి.

శని, ఆదివారాలు నయాగరాకో, విందులకో పోతాయి. అందుకే లాంగ్ రన్ గురువారమో శుక్రవారమో పొద్దున్నే పెట్టుకోండి. ముందు రాత్రి మామూలు అన్నం, పప్పు. పరుగుకి గంటన్నర ముందు రెండు బ్రెడ్ ముక్కలు, తేనె, ఒక అరటిపండు. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. జెల్ దొరకకపోతే పెద్ద మెజూల్ ఖర్జూరాలు గంటకు రెండు మూడు తినండి.

ట్రెడ్‌మిల్

అక్కడి యంత్రం గంటకు మైళ్లు చూపిస్తుంది. కిలోమీటరుకు 6 నిమిషాల పేస్ అంటే 6.2, ఆరున్నర అంటే 5.7, ఏడు అంటే 5.3, ఏడున్నర అంటే 5.0. ఇవి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. చాలా యంత్రాలు 60 నిమిషాలకు వాటంతటవే ఆగిపోతాయి, అప్పటిదాకా వచ్చిన దూరం గుర్తుంచుకోవాలి. గాలి తగలదు కాబట్టి చెమట ఎక్కువ, ఫ్యాన్ ముందు యంత్రం ఎంచుకోండి.

ట్రెడ్‌మిల్‌తో అసలు లాభం ఎత్తు. కాలువ గట్టు చదును, మన రేసు దారి ఫ్లైఓవర్లు ఎక్కి దిగేది. పది రోజులకోసారి 4 లేదా 5 శాతం ఎత్తు పెట్టి రెండు నిమిషాలు ఎక్కడం, రెండు నిమిషాలు చదును మీద జాగింగ్, ఎనిమిది సార్లు చేయండి.

కొత్త షూ కొనాలనుకుంటే మొదటి వారంలోనే కొనండి. మగవాళ్ల సైజు అమెరికా లెక్కలో మామూలుగా ఒకటి ఎక్కువ: ఇక్కడ 8 అయితే అక్కడ 9. కనీసం 40, 50 కిలోమీటర్లు తొడిగాకే రేసుకు నమ్మాలి.

తిరుగు ప్రయాణం

తూర్పుకు వచ్చేటప్పుడు ఒళ్లు కుదురుకోవడానికి ఇంకా ఎక్కువ రోజులు పడతాయి. అందుకే రేసుకు మూడు వారాల ముందే ఇంట్లో ఉండేలా చూసుకోండి. అన్నిటికంటే పెద్దదైన 30, 32 కిలోమీటర్ల పరుగు అక్కడే, విమానానికి మూడు రోజుల ముందు ముగించండి. వచ్చాక మొదటి నాలుగు రోజులు ఈజీ రన్‌లే, మొదటి వారాంతం లాంగ్ రన్ 18 కిలోమీటర్లకి మించొద్దు. తప్పిపోయిన లాంగ్ రన్‌ను టేపర్‌లోకి (రేసు ముందు పరుగు తగ్గించే రోజుల్లోకి) తోయొద్దు, గాయాలు అక్కడే మొదలవుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి చల్లటి చోటి నుంచి వచ్చినవాళ్లకు ఉక్కపోత అలవాటు రెండు మూడు వారాల్లో చాలావరకు పోయి ఉంటుంది. పేస్‌ను పక్కనపెట్టి పది రోజులు వరసగా ఆరుబయటే పరుగెత్తాలి. ఆ పది రోజుల్లో రెండు సార్లయినా రేసు మొదలయ్యే టైముకే, ఒక ఫ్లైఓవర్ ఉన్న దారిలో వెళ్లిరండి.