ఫ్లాస్కులో పనిచేసిన సూక్ష్మజీవిని పెద్ద ట్యాంకులో పనిచేయించడం ఎలా

ఫర్మెంటేషన్‌తో రంగో, ప్రోటీనో, ప్లాస్టిక్‌కు ముడిసరుకో తయారుచేద్దామనుకునేవాళ్లు ఎక్కువమంది సూక్ష్మజీవి దగ్గరే మొదలుపెడతారు. జీన్లు మార్చి, ఫ్లాస్కులో పెంచి, లీటరుకు నాలుగు గ్రాములు రాగానే సంబరపడి, ఆ తర్వాతెప్పుడో ట్యాంకు గురించి ఆలోచిస్తారు. దయచేసి అటునుంచి నరుక్కురండి.

మొదటి పని కాగితం మీదే. కిలో గ్లూకోజ్‌ని ఎంత బాగా పులియబెట్టినా 0.51 కిలోకు మించి ఇథనాల్ రాదు, ఏ జీన్ మార్చినా ఆ హద్దు కదలదు, అంటే కిలో ఇథనాల్‌కు దాదాపు రెండు కిలోల చక్కెర ఖర్చు తప్పదు. మీ పదార్థానికీ ఇలాంటి హద్దు ఒకటుంటుంది. దాన్ని లెక్కగట్టి, అందులో 80 శాతం అందుతుందనుకుని చూడండి. చక్కెర ఖర్చే అమ్మకం ధరలో సగం దాటుతుంటే వేరే పదార్థం వెతుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. బ్యాక్టీరియాతో చేసిన మానవ ఇన్సులిన్ 1982లో, చీజ్ తయారీలో వాడే కైమోసిన్ ఎంజైమ్ 1990లో అనుమతి తెచ్చుకుని నిలబడ్డాయంటే, కొద్ది మోతాదుకే మంచి ధర పలకడం దానికి ఒక పెద్ద కారణం.

సూక్ష్మజీవిని ఎంచుకునేటప్పుడు ఎంత ఉత్పత్తి చేస్తుందన్నదొక్కటే చూడకండి. కాస్త ఎక్కువ వేడిలో పెరిగేదైతే ట్యాంకు చల్లబరచడం తేలికవుతుంది. పులుపును తట్టుకునేదైతే ఇంకా లాభం. లాక్టిక్ ఆసిడ్‌నే తీసుకోండి, మామూలు బ్యాక్టీరియాతో చేస్తే పులుపు తగ్గించడానికి సున్నం కలుపుతూ ఉండాలి, చివర్లో సల్ఫ్యూరిక్ ఆసిడ్ వేసి విడదీస్తే టన్ను సరుకుకు ఇంచుమించు టన్ను జిప్సం మిగులుతుంది. పులుపులోనే బతికే ఈస్ట్‌తో చేస్తే ఆ చెత్త చాలావరకు పుట్టనే పుట్టదు.

ఇక అసలు కష్టం గాలి, వేడి. ఈ రెండు లెక్కలూ మీరే వేసి చూడాలి, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు తడబడేది ఇక్కడే. 30 డిగ్రీల నీళ్లలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. బాగా చిక్కగా పెరిగిన కల్చర్ (సూక్ష్మజీవులు పెరుగుతున్న ద్రవం) గంటకు లీటరుకు 100 మిల్లీమోల్స్, అంటే 3.2 గ్రాముల ఆక్సిజన్ తాగుతుందనుకుంటే, సరఫరా ఆగిన ఎనిమిది తొమ్మిది సెకన్లలో ఆ కరిగినదంతా అయిపోతుంది. పెద్ద ట్యాంకులో పైన పోసిన ద్రవం కింది దాకా కలవడానికే నిమిషం దాటొచ్చు! పైగా ఒక మోల్ ఆక్సిజన్ వాడితే 460 కిలోజౌళ్ల దాకా వేడి పుడుతుంది కాబట్టి, అదే వేగంతో లక్ష లీటర్ల కల్చర్ నడిస్తే దాదాపు 1.3 మెగావాట్ల వేడిని బయటికి లాగాలి. ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ దాని గోడల వైశాల్యం ఆ నిష్పత్తిలో పెరగదు, చల్లబరచడానికి బయటి జాకెట్ సరిపోదు, లోపల చల్లటి నీళ్లు పారే కాయిల్స్ పెట్టాల్సి వస్తుంది. అందుకే ముందు ట్యాంకు ఎంత గాలి ఇవ్వగలదో, ఎంత వేడి తీయగలదో కనుక్కుని, మీ కల్చర్ ఆ హద్దు లోపలే పెరిగేలా ఆహారం వేగాన్ని కట్టడి చేయండి.

ఆ కట్టడికి ఫెడ్-బ్యాచ్‌ని, అంటే చక్కెరను కొద్దికొద్దిగా పోస్తూ నడిపే పద్ధతిని మించింది లేదు. చక్కెరంతా మొదట్లోనే పోసేస్తే ఈ. కోలై బ్యాక్టీరియా అక్కర్లేని అసిటేట్ వదులుతుంది, ఈస్ట్ అయితే గాలి ఉన్నా ఆల్కహాల్ చేస్తుంది. లీటరుకు 10-20 గ్రాముల చక్కెరతో మొదలుపెట్టండి. అది అయిపోగానే కరిగిన ఆక్సిజన్ రీడింగ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, అదే ఫీడ్ (చక్కెర ధార) మొదలుపెట్టాల్సిన గుర్తు. మొదట పెరుగుదలకు తగ్గట్టు ఫీడ్ పెంచుకుంటూ పోయి, కరిగిన ఆక్సిజన్ (గాలి నుంచి గరిష్ఠంగా కరగగలిగినదాన్ని 100 అనుకుంటే) 30 శాతం దగ్గరికి దిగగానే పెంచడం ఆపి స్థిరంగా నడపండి. పీహెచ్ సర్దడానికి అమ్మోనియా వాడితే నత్రజని కూడా దానితోనే అందుతుంది.

పెద్ద ట్యాంకు బుక్ చేసేముందు చిన్న రియాక్టర్‌లోనే దాన్ని అనుకరించి చూడండి. చక్కెరను ధారగా కాకుండా విడతలు విడతలుగా పోయడం, మధ్యమధ్య కొన్ని సెకన్లు గాలి ఆపడం లాంటివి చేస్తే, పెద్ద ట్యాంకులో కణాలకు ఎదురయ్యే ఎగుడుదిగుళ్లు ఇక్కడే కనిపిస్తాయి. దిగుబడి పడిపోతే ఆ స్ట్రెయిన్ (మీరు ఎంచుకున్న సూక్ష్మజీవి రకం) ఇంకా సిద్ధంగా లేదు. అలాగే సీడ్ దశలన్నీ (పెద్ద ట్యాంకులో వేయడానికి కణాలను చిన్న పాత్రల్లో అంచెలంచెలుగా పెంచే దశలు) దాటేసరికి కణాలు ఎన్ని తరాలు విభజన చెందుతాయో లెక్కేసి, అన్ని తరాల తర్వాత కూడా ఉత్పత్తి అలాగే వస్తోందా అని పరీక్షించండి.

స్టెరిలైజేషన్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు: 121 డిగ్రీల ఆవిరి, లోపల ఎప్పుడూ కాస్త ఎక్కువ ప్రెషర్, సీడ్‌ని మైక్రోస్కోప్ కింద చూడకుండా ట్యాంకులోకి పంపకపోవడం.

పర్యావరణానికి మేలు అని చెప్పుకోవాలంటే ఆ మేలును కొలిచి చూపించాలి, ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. గాలి కంప్రెసర్ల కరెంటు, ఆవిరి, ట్యాంకులు కడిగే నీళ్లు, చక్కెర పండించిన భూమి, ఎరువులు అన్నీ లెక్కలోకి రావాలి. ద్రవంలో ఉత్పత్తి పలచగా ఉంటే నీటిని ఆవిరి చేయడానికే బోలెడు శక్తి పోతుంది, కాబట్టి గాఢత పెంచడం డబ్బుకూ కార్బన్‌కూ రెండింటికీ మంచిదే. చక్కెర అసలు అక్కర్లేని దారి కూడా ఉంది: లాంజాటెక్ సంస్థ సాంకేతికతతో 2018లో చైనాలో షౌగాంగ్ ఉక్కు కర్మాగారం వదిలే వాయువుల నుంచి బ్యాక్టీరియాతో ఇథనాల్ తీయడం మొదలైంది. కాకపోతే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ నీళ్లలో ఆక్సిజన్ కంటే కూడా తక్కువ కరుగుతాయి, కాబట్టి పైన చెప్పిన గాలి లెక్కను అక్కడ ఇంకా కఠినంగా వేసుకోవాలి.

ఆఖరి బ్యాచ్ అయ్యాక మిగిలే కణాల ముద్దను ఏం చేస్తారో కూడా మొదటి డిజైన్‌లోనే రాసిపెట్టుకోండి. జన్యుమార్పిడి చేసినవైతే ముందు వాటిని పూర్తిగా చంపాలి. ఆ తర్వాత బయోగ్యాస్‌కో, నిబంధనలు ఒప్పుకుంటే దాణాకో, ఎరువుకో పంపే ఏర్పాటు ఉంటే పారబోసే ఖర్చు తగ్గుతుంది.