వెదురుకు వెళ్లేముందు గిరినాగును గుర్తుపట్టడం నేర్చుకోండి

తూర్పు కనుమల్లో వానలకు ముందు వెదురుకో, కట్టెలకో అడవిలోకి దిగేవారు ముందుగా కనిపెట్టవలసింది పామును కాదు, ఆకుల కుప్పను. ఆడ గిరినాగు (కింగ్ కోబ్రా) రాలిన ఆకులను ఒంటితో ఈడ్చుకుంటూ పోగుచేసి, గూడు కట్టి, గుడ్లు పెట్టి అక్కడే కాపలా కాస్తుంది. గాలికి రాలిన ఆకు నేలంతా పరుచుకుంటుంది. వెదురు పొద మొదట్లో గుండ్రంగా, దిమ్మెలా అదిమినట్టు పోగై కనిపిస్తే అనుమానించండి. కర్రతో కదిలించి చూద్దామనుకోవద్దు.

పొడవును బట్టి పోల్చుకోబోతే పొరపడతారు. జెర్రిపోతు కూడా రెండు మీటర్లు దాటుతుంది, పైగా భయపడ్డ కంటికి ప్రతి పామూ బారెడు ఎక్కువే. ఎదిగిన గిరినాగు సాధారణంగా మూడు నాలుగు మీటర్లుంటుంది. ముదురు గోధుమ లేదా నలుపు ఒంటిమీద లేత రంగు అడ్డపట్టీలు, పసుపు ఛాయ గొంతు ఉంటాయి. పడగ నాగుపాముదంత వెడల్పుగా ఉండదు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, దానిపై కళ్లజోడు గుర్తు ఉండదు. తల వెనుక రెండు పెద్ద పొలుసులుంటాయి కానీ, అవి కనిపించేంత దగ్గరికి వెళ్లారంటే అప్పటికే తప్పు చేసినట్టు. పిల్లలు నల్లగా, పసుపు పట్టీలతో ఉంటాయి. వాటికీ పుట్టుకతోనే విషం ఉంటుంది.

దీని ఆహారం ముఖ్యంగా ఇతర పాములే. జెర్రిపోతులు తిరిగే వాగుల ఒడ్డుకు, ఊరి అంచు తోటలకు అది వచ్చేది అందుకే. ఎదురుపడితే ఒంట్లో మూడో వంతు పైకి లేపి, గుర్రుమన్నట్టు బుసకొడుతుంది. రాయి విసరకండి, చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి నడవండి.

కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని మోసుకెళ్లండి. మన ఆసుపత్రుల్లో మామూలుగా ఉండే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు తయారుచేసినది, గిరినాగుకు కాదు. ఊపిరి నిలబెట్టే వెంటిలేటర్ ఇక్కడ ప్రాణాధారం. అది ఏ ఆసుపత్రిలో ఉందో అడవికి బయల్దేరే ముందే కనుక్కోండి.

గూడు కనిపిస్తే అటవీ సిబ్బందికి చెప్పి, పిల్లలు బయటికొచ్చి చెదిరిపోయేదాకా ఆ పొదను వదిలేయండి.